సూర్యుడి కాగితం

ఆ ఆసుపత్రిలో ఆరోగ్య గ్రంథాలయం అనే గది ఒకటుందని అక్కడ పనిచేసేవాళ్లలో సగం మందికి తెలియదు. రక్తం తీసే గదికి ఆనుకుని, లిఫ్టు వెనక ఉంటుంది. తలుపు మీద బోర్డు ఉంది కానీ దాని ముందు చక్రాల కుర్చీలు వరసగా నిలబెడతారు. కుర్చీ కోసం వచ్చినవాళ్లు తప్ప ఆ బోర్డు ఎవరూ చదవరు. లోపల మూడు బల్లలు, ఏడు బీరువాలు, విప్పి చూపించడానికి ఒక ప్లాస్టిక్ గుండె. ఆ గుండెలో ఒక కవాటం ఎప్పుడో పోయింది. ఎవరైనా గుర్తుపట్టి అడిగితే, ఇది జబ్బు చేసిన గుండె అని చెప్పి లైబ్రేరియన్ గట్టెక్కేది.

ఆవిడకి యాభై రెండేళ్లు. ఇరవై ఏళ్లపాటు డాక్టర్లకు పత్రికలు వెతికి ఇవ్వడంతోనే సరిపోయింది. ఆ తర్వాత పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. గ్రంథాలయం నాలుగు గోడల మధ్య కూర్చుంటే లాభం లేదు, జనంలోకి వెళ్లాలి. చదువు రానివాళ్లు, డాక్టరు ముందు నోరు విప్పలేనివాళ్లు, ఆసుపత్రి మెట్లెక్కడానికి తీరిక లేనివాళ్లు, వీళ్లకే జబ్బులు ముదురుతున్నాయి, మందుల సంగతి వీళ్లకే సరిగా తెలియడం లేదు, కాబట్టి వీళ్లకి అర్థమయ్యేలా చెప్పాలి అని అందులో ఉంది. ఆ ఉత్తర్వు రాసినాయన జనంలోకి ఎప్పుడైనా వెళ్లాడో లేదో గానీ, ఈవిడ మాత్రం దాన్ని నెత్తికెత్తుకుంది. ప్రతి బుధవారం చక్రాల సంచీ నిండా కరపత్రాలు సర్దుకుని బస్సు డిపోకి, మార్కెట్‌కి, చెత్త బళ్లు నిలిపే చోటికి, ఆసుపత్రి బట్టలు ఉతికే లాండ్రీకి వెళ్లేది. అసలు పేరు అక్కడ ఎవరికీ పట్టలేదు. కాగితాలు పంచుతుంది కాబట్టి కాగితాలమ్మ అయింది. మొదట్లో ఆ పిలుపు ఆవిడకి చిన్నతనంగా ఉండేది. ఆరేళ్లు గడిచేసరికి ఎవరైనా అసలు పేరుతో పిలిస్తేనే ఉలిక్కిపడే స్థితికి వచ్చింది.

ఆవిడ పంచినవాటిలో బాగా పేరొచ్చింది సూర్యుడి కాగితానికి. చక్కెర జబ్బుకి మాత్ర వేసుకునేవాళ్ల కోసం ఒక్క అక్షరమైనా లేకుండా బొమ్మలతోనే చేయించింది. మూడే గళ్లు. మొదటి గడిలో కొండ వెనక నుంచి లేస్తున్న సూర్యుడు, రెండో గడిలో అరచేతిలో మాత్ర, మూడో గడిలో పుండు పడిన పాదం, పక్కనే డాక్టరు. నిజానికి మొదట నాలుగు గళ్లుండేవి. మాత్ర తర్వాత అన్నం పళ్లెం ఉండేది. కానీ ఆవిడ శిక్షణకు వెళ్లినచోట మూడు బొమ్మలు దాటితే చదువు రానివాళ్ల బుర్రకెక్కదని గట్టిగా చెప్పారు. ఏదో ఒకటి తీసేయాలి. పొద్దున్నే లేచిన మనిషి ఎలాగూ ఇంత తింటాడు, దానికి కూడా బొమ్మ కావాలా అనుకుంది. బొమ్మలు గీసినాయన, "పళ్లెం తీసేయమంటారా?" అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. "తీసేయండి" అంది. మొత్తం మీద అర నిమిషం పట్టిందేమో ఆ నిర్ణయానికి.

పోనీ పరీక్షించకుండా పంచిందా అంటే, ఆ మాట ఎవరూ అనలేరు. అర్థమైందా అని అడిగితే జనం మొహమాటానికి తలూపేస్తారని ఆవిడకి తెలుసు. అందుకని వాళ్ల చేతే తిరిగి చెప్పించింది. సూర్యుడు కనపడితే ఏం చేస్తావు? మాత్ర వేసుకుంటాను. వందమందిని అడిగితే తొంభై ఏడుగురు ఆ మాటే చెప్పారు. మిగిలిన ముగ్గురిలో ఒకాయన గొడుగు తీస్తానన్నాడు. తొంభై ఏడు శాతం అంటే మాటలు కాదు. పెద్ద సభలో ఆవిడకి ఒక జ్ఞాపిక ఇచ్చి ఫొటో తీశారు. వచ్చే నెల నుంచి మిగతా ఆసుపత్రులన్నీ అదే కాగితాన్ని అచ్చు వేసుకుంటామన్నాయి. ఆవిడ పొంగిపోయింది, పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు తిరిగింది.

ఇలా ఉండగా ఒక బుధవారం పొద్దున ఆరింటికి ఆవిడ లాండ్రీకి వెళ్లింది. అది ఆసుపత్రి అడుగు అంతస్తులో ఉంటుంది. రాత్రి బ్యాచ్ వెళ్లిపోయే వేళ, పగటి బ్యాచ్ వచ్చే వేళ కలిసే ఆ పావుగంటలోనే ఎవరితోనైనా మాట్లాడటం కుదిరేది. ఉతికే యంత్రాలు ఒకవైపు గిరగిరా తిరుగుతుంటాయి. రెండోవైపు మనిషి పొడుగున్న వేడి రోలర్లు. తడి దుప్పటి ఇటునుంచి అందిస్తే అటునుంచి ఇస్త్రీ అయి వస్తుంది. దుప్పటితో పాటు చెయ్యి కూడా అందిస్తే ఏమవుతుందో అక్కడ అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడుకోరు.

ఆ రోలర్ దగ్గర పద్నాలుగేళ్లుగా నిలబడిన మనిషిని అందరూ దుప్పట్ల అక్క అంటారు. నలభై ఎనిమిదేళ్లు, మాటకారి, ఆమె ఉన్నచోట యంత్రాల చప్పుడు కూడా కొంచెం తగ్గినట్టు ఉండేది. ఆ రోజు మాత్రం కాగితాలమ్మని చూడగానే ఎదురొచ్చి, జాకెట్టులోంచి ఒక కవరు తీసి చేతిలో పెట్టింది.

"మీకు చదువొచ్చుగా, ఇందులో ఏం రాశారో చెప్పండమ్మా. సూపర్వైజరు చేతికిచ్చి మొహం తిప్పుకుని పోయాడు."

కాగితాలమ్మ చదివింది. సదరు కార్మికురాలు చక్కెర వ్యాధికి వైద్యులు ఇచ్చిన మందులు సక్రమంగా వాడకపోవడం వల్ల నెల రోజుల్లో రెండుసార్లు రోలర్ దగ్గర స్పృహ తప్పినట్లు తెలిసిందనీ, ఆమెను విధుల నుంచి తొలగించే విషయమై శుక్రవారం పదకొండు గంటలకు పెద్ద డాక్టరు గారి గదిలో సమావేశమనీ ఉంది. ఎంత మెత్తగా చెప్పాలన్నా ఆ ఉత్తరంలో మెత్తగా చెప్పడానికేమీ లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

దుప్పట్ల అక్కకి ఉద్యోగం పోతుందన్న మాట కంటే ముందున్న మాట తగిలింది.

"మందులు సరిగ్గా వాడలేదా? నేనా? ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు తప్పితే నా చేతులు పడిపోనీ. మీరైనా వచ్చి చెప్పండమ్మా వాళ్లకి. మీ కాగితం ప్రకారమే వేసుకుంటున్నా. ఈ పని పోతే నన్ను ఇంకెవరు పెట్టుకుంటారు ఈ వయసులో?"

ఒక్కరోజు కూడా తప్పలేదు అనే మాట కాగితాలమ్మ వేలసార్లు విన్నది. చెప్పేవాళ్లంతా ఇలాగే ఒట్లు పెట్టుకుంటారు, ఇంటికెళ్లి చూస్తే మాత్రల పొట్లాలు సీలు కూడా విప్పకుండా ఉంటాయి. సరే, వినడం నా పని కదా అన్నట్టు అడిగింది.

"ఎప్పుడు వేసుకుంటావు?"

"సూర్యుడు కనపడగానే. అదిగో, ఆ పైన కిటికీ ఉందా, అందులోంచి ఎండ పడగానే వేసుకుంటా. పగటి బ్యాచ్ బస్సు ఆలస్యమైతే మమ్మల్నే ఎనిమిది దాకా ఉంచేస్తారుగా, అందుకని మాత్ర దగ్గరే పెట్టుకుంటా. ఆలస్యం కాకూడదని."

"వేసుకున్నాక ఏం తింటావు?"

"తినడమేంటి? ఇంటికెళ్లి పడుకోవద్దూ? తెల్లవారుజామున మూడింటికి క్యాంటీన్లో ముద్ద తిన్నాక మళ్లీ మధ్యాహ్నం రెండింటికే. రాత్రంతా నిలబడి వచ్చినదాన్ని, కాళ్లు పీకేస్తుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారు?"

కాగితాలమ్మ మనసులో లెక్క వేసుకుంది. చక్కెరను దించే మాత్ర, పైన తిండి పడకుండా, ఖాళీ కడుపుతో, ఏడెనిమిది గంటలు.

"ఇంటి దగ్గర కూడా ఎప్పుడైనా కళ్లు తిరిగాయా?"

"నిద్రలో చెమటలు పట్టి బట్టలు తడిసి ముద్దయిపోతాయి. మాది రేకుల ఇల్లు కదా, వేడి అనుకున్నా. ఒకరోజు మా అమ్మాయి లేపితే దాన్నే గుర్తుపట్టలేదంట. 'అమ్మా, నేనే' అని ఏడ్చిందంట పిచ్చిది." ఆమె నవ్వింది. "మీరు అప్పుడు అడిగారు గుర్తుందా? సూర్యుడు కనపడితే ఏం చేస్తావు అని. నేనే అందరికంటే ముందు చెప్పా. శభాష్ అన్నారు."

గుర్తు లేదు. వందమందికీ శభాష్ చెప్పింది. మూట కట్టిన దుప్పట్ల మీద కూర్చుని ఆ పై కిటికీ వంక చూసింది. అప్పుడే ఎండ పడుతోంది. దుప్పట్ల అక్క అలవాటుగా కొంగు ముడి విప్పి మాత్ర తీసింది. కాగితాలమ్మ లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకోవడం ఎంత గట్టిగా ఉందంటే మాత్ర కింద పడి దొర్లిపోయింది.

ఆ పొద్దునే ఆమెను చక్కెర జబ్బు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన విని, తల గోక్కుని, డ్యూటీకి వచ్చేముందు కడుపునిండా తినే పూట మాత్ర వేసుకోమని మార్చి రాశాడు. రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఆరు నెలలుగా ఆయన ఆమెను చూస్తున్నాడు, పనివేళలేంటని ఎప్పుడూ అడగలేదు. అడగడానికి బయట నూట ఇరవై మంది ఉన్నారు. కాగితాలమ్మకి ఆయన మీద కోపం వచ్చింది. కానీ ఆ కోపం ఎక్కువసేపు నిలబెట్టుకోలేకపోయింది, తనకి బయట నూట ఇరవై మంది కూడా లేరు.

సాయంత్రం ఇంట్లో భర్తకి చెప్పింది. ఆయన లెక్కల మాస్టారు, రిటైరై రెండేళ్లయినా ఎర్ర పెన్ను మాత్రం జేబులోంచి దిగలేదు. పేపర్లో అచ్చుతప్పులకి కూడా సున్నాలు చుట్టేవాడు. అంతా విని అన్నాడు:

"నీ పరీక్షలో తొంభై ఏడు శాతం పాసయ్యారన్నప్పుడే నాకు అనుమానమేసింది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో అలాంటి క్లాసు నేనొక్కటీ చూళ్లేదు. అందరికీ మార్కులొచ్చాయంటే ప్రశ్న చూసుకోవాలి."

"అప్పుడే చెప్పొచ్చుగా ఆ మాట?"

"నువ్వు జ్ఞాపిక పట్టుకుని వచ్చావు. ఆ మొహం చూసి ఎవరు చెబుతారు?"

ఆవిడ బల్ల దగ్గర కూర్చుని, శుక్రవారం ఇవ్వడానికి ఉత్తరం రాసింది. అందమైన ఉత్తరం. సదరు కార్మికురాలు మాత్రలు క్రమం తప్పక వాడుతున్నారనీ, అయితే కరపత్రంలోని చిత్రాన్ని అపార్థం చేసుకోవడం వల్ల సమయం విషయంలో పొరపాటు జరిగిందనీ, ఇప్పుడు సరిదిద్దామనీ, కాబట్టి దయతో ఆలోచించాలనీ. దుప్పట్ల అక్క ఉద్యోగం నిలబడుతుంది. కాగితమూ నిలబడుతుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. మాస్టారు అడగకుండానే ఉత్తరం అందుకుని చదివి, 'అపార్థం' దగ్గర ఎర్ర పెన్నుతో గీత గీసి తిరిగి ఇచ్చాడు. ఆవిడకి ఒళ్లు మండింది. తెల్ల కాగితం తీసి మళ్లీ అక్షరం పొల్లు పోకుండా అదే ఉత్తరం రాసుకుంది.

శుక్రవారం పదకొండింటికి పెద్ద డాక్టరు గదిలో నలుగురు కూర్చున్నారు. నిజానికి ముగ్గురే కూర్చున్నారు, దుప్పట్ల అక్క కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, పరీక్షకి వచ్చినట్టు గోడ పక్కన నిలబడింది. సూపర్వైజరు చెడ్డవాడు కాదు. రెండోసారి ఆమె పడిపోయినప్పుడు రోలర్ ఆపే మీట నొక్కింది అతనే. అప్పటినుంచి ఆమె వైపు చూసినప్పుడల్లా అతనికి గుండె దడ.

పెద్ద డాక్టరు ఉత్తరం చదివి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"మరింకేం, అపార్థం చేసుకుంది. ఇలాగే రాసేద్దాం. గ్రంథాలయానికి కూడా మాట రాదు."

"సార్, అపార్థం చేసుకునే మనిషిని యంత్రం దగ్గర ఎలా ఉంచమంటారు?" అన్నాడు సూపర్వైజరు. "ఇవాళ మాత్ర, రేపు ఇంకోటి. ఏదైనా జరిగితే నా పీకకి చుట్టుకుంటుంది. అసలు లాండ్రీలోనే వద్దు సార్."

పెద్ద డాక్టరు అది కూడా నిజమే అన్నట్టు కాగితాలమ్మ వంక చూశాడు. ఆవిడ ఒళ్లో సంచీ సర్దుకుంటోంది. తను రాసిన మాటే తిరిగొచ్చి ఆ మనిషి మెడకి చుట్టుకుంటుందని ఆవిడ ఊహించలేదు.

అప్పుడు గోడ దగ్గర నుంచి దుప్పట్ల అక్క అంది, గొంతు పెంచకుండానే:

"అపార్థం నేనెక్కడ చేసుకున్నానయ్యా? సూర్యుడొస్తే మాత్ర వెయ్యమంది బొమ్మ. వేశా. తినమని లేదు, తినలేదు. ఇందులో నాకు అర్థం కానిదేముంది? కాగితాలమ్మా, మీరే చెప్పండి. అపార్థం అని మీరే రాశారా?"

అంతకు ముందు చాలామంది కాగితాలమ్మని చాలా ప్రశ్నలు అడిగారు. ఏ ప్రశ్నకీ ఆవిడ తల ఇంతలా దించుకోలేదు.

"ఆ ఉత్తరం ఇటివ్వండి సార్" అంది.

"ఎందుకు?"

"తప్పు రాశాను. ఆమె చేసిందాంట్లో పొరపాటేం లేదు. బొమ్మలో ఉన్నది ఉన్నట్టు చేసింది. బొమ్మే తప్పు. తినాలన్న బొమ్మ ఉండేది, నేనే తీయించేశాను. రాత్రిపూట పనిచేసేవాళ్లుంటారన్న సంగతి నాకు తోచనే లేదు. వారం వారం వాళ్ల దగ్గరికే వెళ్లి, వాళ్లకే పంచాను."

పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది రాతలో ఇస్తే ఆ కాగితం అన్నిచోట్లా ఆపాల్సి వస్తుంది. తెలుసు కదా? మిగతా ఆసుపత్రులకి కూడా చెప్పాలి."

"చెప్పండి సార్."

"ఎన్ని పంచారు ఇప్పటిదాకా?"

"పదకొండు వేలు."

"వీళ్లలాగా రాత్రి పనివాళ్లకి ఎన్ని చేరాయి? ఇంకెవరికైనా ఇలా జరిగిందా?"

"తెలీదు సార్. నేను ఎవర్నీ అడగలేదు."

ఆవిడ అక్కడే, ఆ బల్ల మీదే, ఆయన పెన్నుతోనే రెండో ఉత్తరం రాసింది. ఆసుపత్రి కాగితమే తప్పుగా చెప్పిందని తేలాక ఆమెను తీసేయడానికి సూపర్వైజరుకి నోరు రాలేదు. చక్కెర కుదుటపడేదాకా రోలర్ దగ్గర కాకుండా దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర ఉంచుతానన్నాడు. దుప్పట్ల అక్క బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే సంచీలోంచి రొట్టె ముక్క తీసుకుని తింది.

"చూశారా, ఇప్పుడు వేళకి తింటున్నా" అంది.

కథ ఇక్కడితో అయిపోతే కాగితాలమ్మకి కూడా బాగానే ఉండేది. ఒక మనిషి ఉద్యోగం నిలబెట్టింది, తన తప్పు తనే ఒప్పుకుంది, ఆ రెండు రోజులూ మనసు తేలిగ్గానే ఉంది. మాస్టారు కూడా ఏ గీతా గీయలేదు.

సోమవారం నుంచి కాగితాలు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. ముందు రాత్రి పనివాళ్లవి. రిజిస్టరులో ఎన్ని ఇచ్చిందో అంకె ఉంది గానీ ఎవరెవరికి ఇచ్చిందో లేదు. అది దుప్పట్ల అక్కకి నోటికొచ్చు. పొద్దున ఆరింటికి డ్యూటీ దిగి, ఆమే వెంటబెట్టుకుని వీధుల్లోకి తీసుకెళ్లింది. లాండ్రీవాళ్లు, ఆసుపత్రి ఊడ్చేవాళ్లు, వాచ్‌మన్లు, అంబులెన్సు డ్రైవర్లు అంతా ఆ నాలుగు వీధుల్లోనే ఉంటారు. లోకమంతా లేచి పళ్లు తోముకుంటుంటే అక్కడ కిటికీలకి దుప్పట్లు అడ్డం కట్టి పడుకునే ఏర్పాట్లు చేసుకుంటుంటారు. ఆరేళ్లుగా ఆ మనుషులతో మాట్లాడుతున్న కాగితాలమ్మ వాళ్ల వీధికి ఆ వేళప్పుడు రావడం అదే మొదలు.

ఇంటింటికీ చెప్పేది ఒకటే మాట. ఈ కాగితం పనికిరాదు, ఇచ్చేయండి, తిన్నాకే మాత్ర, ఒకసారి వచ్చి డాక్టర్ని కలవండి. కాగితాలు గోడల నుంచీ, బీరువా తలుపుల నుంచీ, దిండ్ల కింద నుంచీ వచ్చాయి. కొన్నిటికి ప్లాస్టిక్ తొడుగులు వేసి ఉన్నాయి. ఇంత శ్రద్ధగా దాచుకుంటారని ఆవిడ అనుకోలేదు. ఒకావిడ, "నాకూ చెమటలు పడతాయమ్మా, అది దీనివల్లేనా?" అంది. ఒక డ్రైవరు, "నేను మొదట్నుంచీ తినే వేసుకుంటున్నా, నాకాకలి ఆగదు" అని నవ్వాడు. ఆకలి ఆగనివాడు బాగున్నాడు, చెప్పిన మాట విన్నవాళ్లే పాడయ్యారు.

మూడో వీధి మొదట్లో దుప్పట్ల అక్క ఆగిపోయింది.

"ఆ పచ్చ తలుపు ఇంట్లో కూడా ఒకటుందమ్మా. కానీ ఆయన లేడు. మన ఆసుపత్రి గేటు దగ్గర రాత్రి వాచ్‌మన్‌గా చేసేవాడు. పోయిన చలికాలంలో పోయాడు."

"ఎలా?"

"డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాడు, లేవలేదు. గుండె అన్నారు." ఆమె చెప్పు కొనతో నేల మీద గీస్తూ నిలబడింది. "నేను రాలేనమ్మా ఆ ఇంటికి. మీరు కూడా అక్కర్లేదు, ఆ కాగితం ఇప్పుడు ఎవరు చూస్తారు?"

నిజమే. మనిషే లేని ఇంట్లో కాగితం ఉంటే ఎంత, లేకపోతే ఎంత. ఆ తలుపు దాటి వెళ్లిపోతే అడిగేవాళ్లు లేరు. కాగితాలమ్మ నాలుగడుగులు ముందుకేసింది కూడా. తర్వాత వెనక్కొచ్చి తలుపు కొట్టింది.

వాచ్‌మన్ భార్య కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చింది. స్కూలు సంచులకి జిప్పులు కుట్టే పని పెట్టుకుంది, గదంతా నీలం రంగు గుడ్డలే. కాగితం సంగతి చెప్పగానే బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉన్నదాన్ని జాగ్రత్తగా, మూలలు చిరగకుండా గోటితో లేపి తీసింది.

"ఎందుకమ్మా వెనక్కి తీసుకుంటున్నారు?"

కొత్తది వస్తోంది అంటే సరిపోతుంది. అది అబద్ధం కూడా కాదు. కాగితాలమ్మ నాలుక చివరిదాకా వచ్చిందా మాట.

"ఇందులో తప్పుంది. ఈ మాత్ర వేసుకుని తినకుండా పడుకోకూడదు. పడుకుంటే ప్రమాదం. అది ఇందులో చెప్పలేదు. ఈ కాగితం చేసింది నేను."

వాచ్‌మన్ భార్య చాలాసేపు బొమ్మ వంక చూసింది.

"డ్యూటీ నుంచి రాగానే ఆకలే అనేవాడు" అంది. "ముందు మాత్ర వేసుకో, పడుకుని లేచాక వేడిగా పెడతా అనేదాన్ని. రోజూ నా చేత్తోనే ఇచ్చేదాన్ని నీళ్లూ మాత్రా. ఇంట్లో చక్కెర జబ్బు మనిషి ఉన్నాడు, జాగ్రత్తగా చూసుకోవాలి అని." కాగితం మూల గోటితో సాపు చేసింది. "గుండె అన్నారు కదా డాక్టర్లు. గుండేనా?"

"అయ్యుండొచ్చు. కాకపోయుండొచ్చు. నాకు తెలీదమ్మా. ఇంక తెలుసుకునే దారి లేదు." "మీరేం తప్పు చేయలేదు. నేను చెప్పినట్టు చేశారు."

"మీరు చెప్పకుండా ఉంటే బాగుండేది" అంది ఆమె.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే కాగితాలమ్మ తట్టుకునేది. క్షమించమనడానికి నోరు తెరిచింది, ఆ మాట ఎవరి కోసం అంటోందో తనకే తెలియక ఊరుకుంది. వీధిలో ఎవరో డ్యూటీ దిగొచ్చి సైకిలు స్టాండు వేసి, తాళం తీసి ఇంట్లోకి వెళ్లిన చప్పుడైంది. వాచ్‌మన్ భార్య ఆ చప్పుడు విని తలెత్తింది.

"ఇంకా ఎన్నిళ్లున్నాయి?"

"ఈ వీధిలో ఆరు."

ఆమె కాగితాన్ని కాగితాలమ్మ చేతిలో పెట్టి, భుజం మీద చెయ్యి వేసి తలుపు వైపు తిప్పింది.

"అయితే ఇక్కడ నిలబడతారేంటి? వాళ్లు పడుకునే వేళయింది, వెళ్లండి."